మండువలో దొరికిన జవాబు

మా జిల్లాలో దారుబందీ. చుక్క అమ్మకూడదు, చుక్క తాగకూడదు. అయితే మా ఊరు సిరొంచ నుంచి గోదావరి వంతెన దాటితే చాలు, తెలంగాణ. అవతలి ఒడ్డున ఇసుక మొదలయ్యే చోట, కల్లు గీసే ఒక కుటుంబం తాటాకు పందిరి వేసుకుంది. అందరూ దాన్ని మండువ అంటారు. సీసాలో పోసుకుని తెస్తే వంతెన మీద పోలీసులు పట్టుకుంటారు కాబట్టి అక్కడే కూర్చుని కడుపులో పోసుకుని రావాలి. మా ఆయనకు కావలసిందీ అదే, కూర్చోవడం.

నాకు కూర్చోవడం రాదు. దవాఖానాలో నర్సును, నిలబడే అన్నం తినే రకం. ఆ ఆదివారమైతే మరీ నిలకడ లేదు. చంద్రపూర్‌కు పై పోస్టులో బదిలీ వచ్చింది. వెళ్తానో లేదో మర్నాడు చెప్పాలి. కాదంటే ఇంకొకరికి పోతుంది, మళ్ళీ నా గడప తొక్కదు. ఆయనకేమో సిరొంచ బజారులో మోటార్ వైండింగ్ దుకాణం. పెళ్ళికి ముందు నుంచీ ఉన్నది. నేను వెళ్తే అది మూయాలి. అడిగినప్పటి నుంచీ అవుననడు, కాదనడు. "చూద్దాం తియ్" అంటాడు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కల్లు దగ్గరైనా నోరు విప్పుతాడేమోనని నేనే ఆయన్ని బండెక్కించి తీసుకెళ్ళాను.

మండువలో ఎవరికీ తొందర లేదు. అవ్వ కాళ్ళు చాపుకుని పందిరి గుంజకు ఆనుకుని ఉంది. కొడుకు చెట్టు మీద నుంచే కింద ఎవరితోనో ముచ్చట పెడుతున్నాడు, ఆ మనిషి తలెత్తి జవాబు చెబుతున్నాడు. కోడలు పొయ్యి దగ్గర చేపలు వేయిస్తోంది.

"ఎంతసేపు పడుతది చెల్లే?" అన్నాను.

"అయినప్పుడు అయితయ్ అక్కా. కూసో జర."

తిరిగి వచ్చేటప్పుడు బండి నేనే నడపాలి గనక నాకు కల్లు లేదు, ఉడికించిన శనగ గుడాలు మాత్రమే. గుడాలు ఎంతసేపు నములుతారు! ఫోన్ చూసుకున్నాను. ఇసుకలోకి దిగి నీళ్ళ దాకా నడిచి వచ్చాను. గ్లాసులు జిడ్డుగా కనిపిస్తే కొంగు నడుముకు చుట్టి అన్నీ తోమి బోర్లించాను. కోడలు పగలబడి నవ్వింది. "అత్తా, చూసినవా! సిస్టరమ్మ మనకాడ డ్యూటీ ఎక్కింది." అవ్వ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆయన ఇసుకలో మోచేయి ఆనించి, కల్లు లొట్టి పక్కన పెట్టుకుని, ప్రపంచంలో ఏ పనీ లేనట్టు నది వైపు చూస్తున్నాడు. పక్కన చతికిలబడ్డాను.

"రేపు ఏం చెప్పాలె నేను?"

"ముందు కల్లు తాగనియ్యే. ఎందుకు గంత పరేషాన్?"

"పరేషాన్ నాకు గాక ఎవలకుంటది? నువ్వేమో ఉలకవు, పలకవు. మనిషివా, బండరాయివా?"

పక్క గుంపులో వాళ్ళు ఇటు తిరిగారు. తిరిగితే తిరగనీ అనుకున్నాను. ఆయన మాత్రం గ్లాసు నింపుకున్నాడు. ఆ క్షణంలో ఆ లొట్టిని తన్ని పారేయాలనిపించింది, నిజంగా.

అప్పుడే అవ్వ లేచి మా వైపు వచ్చింది. అవి చలి తగ్గుతున్న రోజులు. ఈత కల్లు అయిపోవస్తుంది, తాటిచెట్లు గీయడం మొదలవుతుంది. ఎప్పుడూ వచ్చేవాళ్ళు ఎండాకాలానికి ఒక్కో చెట్టు ముందే మాట్లాడుకుంటారు. ఆ చెట్టు కల్లు వాళ్ళకే. వాళ్ళు వచ్చేదాకా ఇంకొకరికి పోయరు. అవ్వ అందరినీ అడుగుతూ మా దాకా వచ్చింది.

"ఏం కొడుకా, నీది ఎప్పటి చెట్టే కదా? ఒడ్డు మీదిది. పోరనికి చెప్పాల్నా?"

ఆయన గ్లాసు ఇసుకలో గుచ్చి నిలబెట్టాడు.

"లేదవ్వా. ఈ యేడు ఎవలకన్నా ఇయ్యి. మేము ఉండం."

"గదేంది! ఎటు పోతున్నరు?"

"చంద్రపూర్. దీనికి పెద్ద నౌకరి అచ్చింది."

అంతే. ఇన్ని రోజులు నేను కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని అడిగిన మాట నాతో కాదు, ఆ ముసలావిడతో చెప్పాడు. ఎగిరి గంతేయాలి కదా? ఇంతకాలం జవాబు ఇవ్వడని కోపం, ఇచ్చేశాక భయం. ఆయన చెట్టు ఎవరికో ఇచ్చేసే దాకా ఆయనకు ఏం పోతుందో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

"మంచిగుండు బిడ్డా," అని అవ్వ నా తల నిమిరింది. బతిమాలలేదు, ఎందుకనీ అడగలేదు. అటు తిరిగి పక్క గుంపులో పెద్దమనిషిని కేకేసింది. "ఓ పటేలా! ఒడ్డు మీది చెట్టు నీకు కావాల్నంటివి కదా, తీసుకో." పటేలు సంతోషంగా చెయ్యెత్తాడు. పైనున్న కొడుకు కూడా "సరే" అన్నాడు. చెట్టు చేతులు మారింది.

కోడలు చేపలు తెచ్చి మా ముందు పెట్టింది. మా ఆయన ఒక ముక్క తుంచాడు, నోట్లో పెట్టుకోలేదు. లేచి నిలబడి ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకున్నాడు.

"పోదాం పా."

లొట్టిలో ఇంకా సగం ఉంది. అక్కడ చుక్క మిగిల్చి లేచిన మనిషి కాదు.

"చేపలన్న తిను. కూసో," అన్నాను. నేను, కూర్చోమని ఆయనకు చెప్పడం!

"వద్దే," అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇంక జరసేపు కూసుంటే మాట మార్సుకుంట."

నాకు ఏడుపు వచ్చింది. అయినా గబగబా లేచాను. ఆయన చెప్పులు తొడుక్కునే లోపే బండి స్టార్ట్ చేశాను.