తొడిమలు తీసిన పండుమిరపకాయలు

శ్రీకృష్ణ గుంటూరులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. పక్కింటి అంకమ్మకు ఎప్పుడూ ఆ కబుర్లే చెబుతాడు. "ఇదివరకు ఒక ప్రోగ్రాము ఎక్కించాలంటే దానికి ఇంకోటి, దానికి మరోటి వెతకలేక చచ్చేవాళ్లం పిన్నీ. ఇప్పుడొక సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒకటడిగితే చాలు, దానికి కావలసినవన్నీ వరసగా అదే తెచ్చిపెడుతుంది. ఆఫీసులో అందరం దానికి దండం పెడతాం," అంటూ నిజంగానే చేతులు జోడిస్తాడు.

భార్య నాగజ్యోతి చనిపోయిన ఏడాది, మాఘంలో పండుమిరపకాయలు తెచ్చి, చొక్కా చేతులు మడిచి, ఆమెలాగే పచ్చడి పెట్టబోయాడు. అంకమ్మ చూసి, "తొడిమలు తీశాక కడిగావేంట్రా? లోపలికి నీళ్లుపోయి బూజు పడుతుంది నాయనా! కడిగి, ఆరాక తియ్యాలి," అంది. అతను తడికాయలు ఒక్కొక్కటే తుడవసాగాడు.

"పచ్చడి తినాలనుందని జ్యోతితో ఒక్క మాటంటే సరిపోయేది పిన్నీ," అన్నాడు.