రాజవ్వ చేతిలో దిగిన సూది

ముందే ఒప్పుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. కొండ కనిపించిన చోటల్లా కాస్త చెక్కుకుని చదవండి.

ఈ ఉదయం జగిత్యాలలో మా వార్డు కడుగుతుంటే బ్లీచింగ్ పౌడర్ ఘాటు ముక్కుకెక్కింది. కోరుట్ల దాకా జనం తుమ్మే ఉంటారు. నాకు మాత్రం రాజవ్వ గుర్తొచ్చింది.

నేను కొత్తగా నర్సుగా చేరిన కోరుట్ల ఆసుపత్రిలో ఆమె ఆయా. రుద్రంగి మనిషి. ఒక చంకలో రోగిని, ఇంకో చేత్తో బెడ్‌పాన్‌ను పట్టుకుని మూడంతస్తులు ఎక్కేది. ఆ ఆసుపత్రికి ఉన్నది ఒకటే అంతస్తు. ఏళ్ల తరబడి రోగులను ఎత్తీ ఎత్తీ నడుము వంగక, కింద పడ్డ గుడ్డను కాలివేళ్లతో అందుకునేది. సిరిసిల్లలో భర్త నడిపే మరమగ్గాలు ఆగిపోయాయి. మస్కట్‌లో ఒక ముసలామెను చూసుకునే పనికి ఈమెకు వీసా వచ్చింది. ఇక మిగిలింది రక్తపరీక్షే.

అప్పట్లో మాకో పాడు అలవాటు. ఇంజెక్షన్ చేశాక సూదిని పరుపు అంచున గుచ్చి, తర్వాత తీద్దాంలే అనుకునేవాళ్లం. ఆ రోజు కామెర్ల రోగి మంచం దగ్గర నేనూ అలాగే గుచ్చాను. పక్క మంచం వాళ్లు పిలిస్తే మరిచాను. దుప్పటి మార్చబోయిన రాజవ్వ అరచేతిలో ఆ సూది దిగింది.

"ఎవడ్రా గిది పెట్టింది? నాకేమన్నయితే మా ఇంట్ల నువ్వచ్చి అన్నం వండుతవా?" అని ఆమె అరిచిన అరుపుకు మెట్‌పల్లి బస్సు ఆగిపోయింది.

డాక్టరు గారు అడిగితే మాత్రం, "నేనే సూస్కోలే సారూ" అంది. ఆయన టీకా వేయించి, రక్తం సంగతి తేలడానికి నెలలు పడుతుందన్నారు. గల్ఫ్ పరీక్షలో కామెర్లు బయటపడితే మళ్లీ ఆ దేశం గడప తొక్కనివ్వరు. తేలేదాకా ఆగాల్సిందే. ఏజెంటు ఆగడు.

"అక్కా, పెట్టింది నేనే. సారుకు చెప్త."

"చెప్పి ఏం జేస్తవ్? నీ నౌకరి పోతది. గంతే. నా వీసా అస్తదా? ఊకో తమ్మీ."

చెప్పాను. ఉద్యోగం పోలేదు. ఆ రోజుతో పరుపులో సూది గుచ్చడం మాత్రం పోయింది. నెలల తర్వాత రాజవ్వ రక్తం మంచిదని తేలింది. అప్పటికే ఆ వీసా మీద బోయినపల్లి నుంచి వేరొకామె విమానమెక్కేసింది. రాజవ్వ మరో రెండేళ్లు మా బెడ్‌పాన్లు మోసి గానీ మస్కట్ చూడలేదు.

ఇప్పటికీ సూదిని డబ్బాలో వేసేదాకా, ప్రాణం పోతుందని పిలిచినా నేను తల తిప్పను. కొత్త నర్సులు నవ్వుకుంటారు.

పై వాటిలో చాలావరకు ఉబ్బించినవే. పూర్తిగా కల్పించింది ఒక్కటి, ఆ అరుపు. తిట్టి ఉంటే ఇన్నేళ్లూ నాకు కాస్త తేలికగా ఉండేది. నిజానికి ఆమె నెత్తురు కారే చేతిని నల్లా కింద పెట్టుకుని, పరుపులోంచి సూది లాగుతున్న నన్ను చూసి ఒకటే మాట అంది.

"పైలం తమ్మీ, నీకు గుచ్చుకుంటది."