బెజ్జం పెద్దదైన ఇంజన్

మోకాళ్లకు రాయడానికి మా ఆవిడ ఆముదం వేడిచేసినప్పుడల్లా, నొప్పికంటే ముందు నాకు నర్సింలు మేస్త్రీ గుర్తొస్తాడు. పందొమ్మిది వందల అరవైల్లో, బోధన్ దగ్గరి ఒక చక్కెర మిల్లు వర్క్‌షాపులో ఆయన మా ఫోర్‌మన్. చెరుకు క్రషింగ్ ఆగిన ఎండాకాలంలో బొమ్మ విమానాలు కట్టి, తీగల కొసన పట్టుకుని తన చుట్టూ ఎగరేసేవాడు. పిడికిట్లో పట్టే ఇంజన్‌కు ఆముదం కలిపిన నూనె పోసేవాడు. ఆ కాలిన వాసన రెండు ఉతుకుల దాకా చొక్కాను వదిలేది కాదు.

ఎండాకాలం మరమ్మతులకని నన్ను ఇనుము చెక్కే లేతు మిషను మీద తాత్కాలికంగా పెట్టుకున్నారు. తొందర మనిషిని, మూడు పనుల్లో ఒకటి చెడగొట్టేవాణ్ణి. నన్ను ఉంచుకోవడమో, మా ఊరు కోటగిరికి తిప్పి పంపడమో మేస్త్రీ ఒక్క మాట మీద ఉంది. మెప్పు పొందుదామని, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, ఆయనకున్న ఒకే ఒక పాత ఇంజన్‌ను విప్పాను. అది గాలి పీల్చే గొట్టాన్ని వెంచురీ అంటారు. దాని బెజ్జాన్ని లేతు మీద పెద్దది చేశాను. బాయిలరుకు గాలి పెంచితే మంట లేస్తుంది కదా, ఇదీ అంతే అనుకున్నాను. మిల్లు బుద్ధి!

సాయంత్రం విమానం లేచింది. పల్టీలు కొట్టడానికి వెడల్పు రెక్కలతో కట్టింది అది. మొదటి పల్టీకి ముక్కు ఎత్తగానే ఇంజన్ దగ్గి ఆగిపోయింది. విమానం చెరుకు మోళ్లలో పడి రెక్క విరిగింది. చేసిందంతా నేనే చెప్పేశాను.

మేస్త్రీ వెంచురీలోకి ఊది చూశాడు.

"బాయిలర్ అనుకున్నవా పోశెట్టీ? బెజ్జం పెద్దగైతే గుంజుడు తగ్గుతది. ముక్కు లేపితే నూనె ఎక్కది."

"ఖరాబ్ చేసిన సాబ్. ఊరికి పోత."

"ఖరాబ్ ఏం గాలే. గీ ఇంజన్‌కు గీ విమానం పనికిరాదు, గంతే. గాలి ఎక్కువ పోయి జోరు పెరిగింది, సక్కగ ఉరికేది కావాలె. నువ్వే కట్టు."

పది రోజులు కట్టాను. పొట్టి రెక్కలు, సన్నటి ఒళ్లు, ఇంజన్‌ను ఆనుకుని నూనె డబ్బా. పల్టీల జోలికి పోకుండా నేలకు సమంగా అది ఎంత జోరుగా తిరిగిందంటే, దానితోపాటు తిరిగిన మేస్త్రీ కళ్లు తిరిగి కూలబడి, "షాబాష్!" అని నవ్వాడు. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు. ఈ మాట మా ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు.

క్రషింగ్ మొదలుకాగానే ఆయన నన్ను లేతు మీది నుంచి తీసి, మిల్లు ఎక్కడ ఆగితే అక్కడికి ఉరికి బాగుచేసే ముఠాలో వేశాడు. "గక్కడ నీ తొందర పనికొస్తది" అన్నాడు. అక్కడే పర్మనెంట్ అయ్యాను, తర్వాత మేస్త్రీనీ అయ్యాను. మొన్న మా కోడలు తన కొడుకు లెక్కల్లో మొద్దని మొత్తుకుంటుంటే, మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ అడిగాను:

"పిలగాడు మంచోడే బిడ్డా. వాణ్ని ఏ విమానానికి కట్టిండ్రు?"