ముప్పై అక్షరాల ఇరుకులో కామేశ్వరి గారు

కామేశ్వరి గారు ఇక లేరన్న వార్త నాకు బోరబండ నుంచి ఆఫీసుకు వస్తున్న ఆటోలో తెలిసింది. ఉదయం కాఫీ తాగుతూనే గుండె ఆగిపోయిందని ఆమె తమ్ముడు ఫోన్‌లో చెప్పారు. ఆయన మాట ముగించాక కూడా, ఆ రోజు ఆమెకు చూపించవలసిన ప్రకటనల జాబితాయే నా మనసులో మెదిలింది. శోకం కన్నా ముందు అలవాటు వచ్చింది. అందుకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

సొంత కథలు రాయాలన్న సంకల్పంతో కాకినాడ నుంచి ఫిల్మ్ నగర్ వచ్చిన ఆమె, ఇరవై ఏళ్ళు డబ్బింగ్ సినిమాలకు మాటలు రాశారు. పరభాషా నటుల పెదవుల కదలికకు తెలుగు పలుకులు అమర్చడమే ఆ పని. అది సన్నగిల్లాక అక్కడే ప్రకటనలు రాసే రెండు గదుల ఆఫీసు తెరిచారు. కర్మాగారాలకు, శీతల గిడ్డంగులకు యంత్రాలమ్మే కంపెనీలు మా క్లయింట్లు. ఎవరైనా ఇంటర్నెట్‌లో అటువంటి యంత్రం కోసం వెతికిన క్షణాన, మా క్లయింటు ప్రకటన వారి కళ్ళముందు నిలపాలి. శీర్షికకు ముప్పై అక్షరాలకు మించి చోటుండదు. ఆ ఇరుకులో ఆమె కలం అనాయాసంగా సంచరించేది. ఆమెకు మాత్రం ఊపిరాడేది కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

నేను ఉద్యోగంలో చేరిన తొలిరోజు ఆమె చెప్పిన మాట ఇది: "సబ్బు కొనేవాడు సరదాగా వెతుకుతాడు నర్సింహా. కంప్రెసర్ వెతికేవాడు అప్పటికే చిక్కులో ఉంటాడు. వాడి వెనకాల యజమాని నిలబడి ఉంటాడు. ఆ తొందరతో మనం ఆడుకోకూడదు."

ఒకసారి ఆడుకున్నాం. మా ఆఫీసు ప్రధానంగా ఒకే కంపెనీ మీద ఆధారపడి బతికేది. శీతల యంత్రాల విడిభాగాలమ్మే ఆ సంస్థ యజమాని 'రెండు రోజుల్లో సరఫరా' అని రాయమన్నారు. నిజానికి పది రోజులు పట్టేది. ఆమె వారం పాటు ఒప్పుకోలేదు. ఏడాది ఒప్పందం వేరేవాళ్ళతో చేసుకుంటానని ఆయన బెదిరించారు. ఆ జీతాల మీద బతికే మా ఆరుగురి ముఖాలు చూసి, ఆమె రాసిచ్చారు.

ఆ వాక్యాన్ని నమ్మిన ఒక శీతల గిడ్డంగి కొనుగోలు అధికారి నెల తిరిగేసరికి మా మెట్లెక్కి వచ్చారు. విడిభాగం వేళకు రాక నిల్వ ఉంచిన మిరపకాయలు పాడయ్యాయి, ఆయన ఉద్యోగం పోయింది. నిలదీస్తే, రాసినవాళ్ళనే అడగమని ఆ కంపెనీవారు మా చిరునామా ఇచ్చారట. ఆయన గొంతు పెంచలేదు.

"మీ యాడ్ జూసే మా సేటుకు మాటిచ్చిన మేడం. గా రెండు రోజులన్నది ఎవరు రాసిండ్రో జర జూద్దామని వచ్చిన."

క్లయింటు చెప్పినట్టే రాశామని తప్పించుకొనే వీలుంది. ఆమె తప్పించుకోలేదు. "నేనే రాశానండీ" అన్నారు.

ఆ సాయంత్రమే ఆ వాక్యం తీసేసి, పది రోజులు పడుతుందని రాశారు. ఫోన్లు తగ్గాయి, యజమాని మండిపడ్డారు. ఒప్పందం ఏడాదిది కనుక ఎవరూ బయటపడలేకపోయారు. ప్రతి నెలా సమావేశంలో ఆమె మాటలు పడ్డారు, వాక్యం మాత్రం మార్చలేదు. ఆ కొనుగోలు అధికారికి మరో క్లయింటు దగ్గర పని చూపించారు. ఆయన రెండు నెలలు చేసి మానేశారు, ఎందుకో మాకు తెలియలేదు.

ఒప్పందం ముగిసిన వారంలో, జూబ్లీహిల్స్‌లో చాయ్ తాగుతూ ఆమె నన్నడిగారు.

"నన్నిక వదిలెయ్ నర్సింహా. ఆఫీసు నువ్వు చూసుకో. ఎవరి నోటికీ సరిపోనక్కర్లేని మాటలు నాలుగు రాసుకుంటాను."

నాకు భయం వేసింది. "ఈ ఒక్క యేడు ఆగుండ్రి మేడం. మీరు లేకుంటే ఇది నడ్వది" అన్నాను. ఆమె కప్పు కింద పెట్టి, లేచి, ఆఫీసు వైపే నడిచారు.

ఆ ఏడాది మూడేళ్ళయింది. ఆమెను ఆ గదిలో బంధించింది క్లయింట్లేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తలుపు మూసింది నేను. ఆమె కాగితాలన్నీ వెతికాం. తనకోసం రాసుకున్నది ఒక్క పేజీ కూడా దొరకలేదు.

తన కలం చేసిన అపరాధాన్ని, బాధితుని ఎదుట, తనదేనని అంగీకరించిన మనిషిని ఈ వృత్తిలో మరొకరిని నేనెరుగను. ఆ ధీరురాలికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆ స్థానం భర్తీ కాదు, కుర్చీలో నేను కూర్చున్నా సరే.

కర్మకాండలు ముగిసిన మర్నాడు ఒక కొత్త క్లయింటు ఫోన్ చేసి, తమ వద్ద లేని సౌకర్యాన్ని ఉన్నట్టు రాయమన్నారు.

"మేడంను అడిగి చెప్త సార్" అన్నాను.

ఫోన్ పెట్టేశాకే గుర్తొచ్చింది, మేడం కుర్చీలో కూర్చున్నది నేనేనని.