పాచి నోటితో రిచ్‌మండ్‌కి

మూడు నెలలుగా నాకు నిద్ర లేదు. ఒంటిగంటకు మెలకువ వస్తే తెల్లారేదాకా సీలింగు చూడటమే. ఫ్యామిలీ డాక్టర్ చేయించిన టెస్టులన్నీ నార్మల్. మొన్న మా అమ్మాయిని స్కూల్లో దింపడానికి వెళ్తూ ఎర్ర లైటు దగ్గర కునుకు పట్టింది. వెనక కారు హారన్ కొడితే గానీ లేవలేదు. ఆ రోజే తాళాలు మా ఆయన చేతిలో పెట్టి, సరిగ్గా నిద్రపట్టేదాకా పాపను ఎక్కించుకుని డ్రైవ్ చేయనని ఒట్టు పెట్టుకున్నాను. ఆఫీసులో ఒకావిడ చెప్పిన చైనీస్ వైద్యురాలి దగ్గర తాడో పేడో తేల్చుకుందామని శనివారం బయల్దేరాను.

మేముండేది కెనడాలోని బర్నబీలో. మెట్రోటౌన్‌లో తొమ్మిదింటికి స్కైట్రైన్ ఎక్కి, వాటర్‌ఫ్రంట్‌లో కెనడా లైన్‌కు మారితే పదింటికల్లా రిచ్‌మండ్‌లో ఆవిడ క్లినిక్‌కు చేరాను. కన్సల్టేషన్ తొంభై డాలర్లు, మందులు వేరే. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు. అరవై దాటిన ఆ డాక్టరమ్మ నా రెండు మణికట్లూ మూడేసి వేళ్లతో చాలాసేపు పట్టుకుని చూసింది. తర్వాత నాలుక చాపమంది. చూసి, మళ్లీ నాడి పట్టుకుంది.

"మీ నాడి ఒకటి చెప్తోంది, నాలుక ఇంకోటి చెప్తోంది. పొద్దున నాలుక గీకారా?" అని అడిగింది.

గీకకుండా ఎలా ఉంటాను! డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను కదా అని టంగ్ క్లీనర్‌తో మామూలు కంటే రెండుసార్లు ఎక్కువే గీకాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. వాళ్ల వైద్యంలో నిద్ర పట్టకపోవడమంటే అందరికీ ఒకే జబ్బు కాదట. ఒంట్లో తడి ఆరిపోయి వేడి చేస్తే నాలుక బోసిగా ఉంటుంది. తిండి అరగక, జిగటగా పేరుకుని వేడెక్కితే పసుపు పాచి కడుతుంది. ఒకదాని మందు ఇంకోదానికి ఇస్తే బాధ పెరుగుతుంది. నా నాలుక మొదటిదంటోంది, నాడి రెండోదంటోంది. పోనీ ఏదో ఒకటి ఇవ్వమని బతిమాలాను.

"ఊహించి మందివ్వను. రేపు గీకకుండా రండి" అంది.

తిరుగు రైల్లో నా మీద నాకే ఒళ్లు మండింది. ఫోన్‌లో చెప్తే అమ్మ, "ఛీ ఛీ, పాచి నోటితో మనిషి ముందు కూర్చుంటావే?" అంది. పళ్లు తోముకోవచ్చు, నాలుక జోలికే పోవద్దని డాక్టరమ్మ చెప్పినా, మన లెక్కలో అది పాచి నోరే. అయినా పట్టిన పట్టు వదల్లేదు. ఆదివారం కాఫీ కూడా తాగకుండా, మాస్కు పెట్టుకుని మళ్లీ అదే రైలెక్కాను. పక్కసీటులో తెలుగావిడ పలకరిస్తే తల ఊపి ఊరుకున్నాను.

నాలుక చాపగానే డాక్టరమ్మ నవ్వింది. వెనకంతా దట్టంగా పసుపు పాచి. రాత్రి ఏం తింటారని అడిగింది. ఆఫీసు కాల్స్ అయ్యాక పదింటికి ఆవకాయ అన్నం అని చెప్పాను. అప్పుడు రాయడం మొదలెట్టింది. నిన్న నాలుకను నమ్మి ఉంటే నాకు సరిగ్గా పడని మందే ఇచ్చేదాన్నంది. సొరుగుల్లోంచి ఎండు నారింజ తొక్కలు, వెదురు పొట్టు, అతిమధురం, ఇంకేవేవో తీసి తూచి ఏడు పొట్లాలు కట్టి, రోజుకొకటి కాచుకుని తాగమంది. రాత్రి ఏడు దాటాక అన్నం ముట్టొద్దంది. రెండోరోజు ఫీజు అడగలేదు.

కషాయం చేదు విషం. నాలుగు రోజులు ఏమీ తేడా లేదు. అయిదో పొద్దున పాప వచ్చి భుజం కుదిపి, "అమ్మా, వేకప్! వి ఆర్ లేట్" అంది. లేటయినందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు, ఏడ్చేశాను. ఆ తర్వాత రెండు వారాలు వరసగా నిద్రపోయాక, నిన్ననే తాళాలు అడిగి తీసుకుని పాపను స్కూల్లో దింపి వచ్చాను.

ఇది మందు గుణమో, ఏడింటికే తినడమో నేను చెప్పలేను. తెలియనప్పుడు తెలియదని పెన్ను కింద పెట్టినందుకే ఆవిడ మీద నాకు గురి కుదిరింది. మీరు వెళ్లేట్టయితే, వాడే మందులన్నీ రాసి తీసుకెళ్లండి, ఫ్యామిలీ డాక్టర్‌కూ చెప్పండి. ముఖ్యంగా ఆ పొద్దున టంగ్ క్లీనర్ దాచేయండి. పాచి నోరని సిగ్గుపడకండి, వాళ్లు చూడాల్సింది దాన్నే.