అందరికీ నా పేరే

మాది ఏలూరులో కిరాణా కొట్టు. పొట్లం ఎవరు కట్టినా బిల్లు మీద నాన్న పేరే ఉండేది. నేను డాక్టర్నయినా ఆ బుద్ధి పోలేదు. నా ఆసుపత్రికి రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినతను మనిషికో పాస్‌వర్డ్ అన్నాడు. మనిషికో రేటు కూడా అన్నాడు.

"ఆసుపత్రికి డాక్టర్ని నేనొక్కణ్ణే కదండీ. ఒక్క పేరు చాలదా?"

"రేపేదైనా తేడా వస్తే ఎవరు రాశారో తెలీదండి."

"తేడా ఎందుకొస్తుందండీ!" అని నా పేరు మీద ఒక్క పాస్‌వర్డే తీసుకుని, అతణ్ణి సగం రేటుకి దింపాను. ఆ బేరం గురించి వారం రోజులు ఊరంతా చెప్పుకున్నాను.

ఆ తరవాత ఒక ఆదివారం పెళ్ళికి తాడేపల్లిగూడెం వెళ్ళాను. కొల్లేటికోట నుంచి చేపల చెరువులో పనిచేసే ఆవిడ వచ్చిందనీ, ముల్లు గుచ్చుకుని చెయ్యి వాచిందనీ నర్సు ఫోన్ చేసింది. మందు పడుతుందో లేదో ముందు టెస్ట్ డోసు వేసి, అరగంట చూసి, అప్పుడు ఇంజెక్షన్ చెయ్యమన్నాను. వరండా నిండా జనం. నర్సు ఆ అరగంట ఆగలేదు. టెస్ట్ చేసినట్టు కంప్యూటర్లో ఎక్కించి, ఇంజెక్షన్ చేసేసింది. అది పడక ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది. పెద్దాసుపత్రిలో పది రోజులుండి బతికింది.

ఆవిడ భర్త వినియోగదారుల ఫోరంలో కేసు వేశాడు. కంప్యూటర్లోంచి తీసిన కాగితం ప్రకారం ఆ టెస్ట్ చేసింది నేనే. పేరూ, టైమూ ఉన్నాయి. ఆ టైముకి నేను పెళ్ళి బంతిలో రెండో పూతరేకు అడుగుతున్నాను.

మా ప్లీడరు సంబరపడ్డాడు. "పెళ్ళి వీడియో ఉంది కదండీ! రాసింది నర్సని చెప్పేయండి, మీరు బయటపడతారు."

నర్సు గుమ్మంలోనే ఉంది. "అబద్ధం రాసింది నేనేనండి డాక్టరుగారూ," అంది. "మీ పేరు మీద పోతుంది కదా అని భయం వెయ్యలేదండి."

భయం లేకుండా చేసింది నా బేరమే. ఫోరంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చిందీ, మనిషికో పేరు వద్దన్నదీ నేనేనని కూడా చెప్పాను. ప్లీడరు తల పట్టుకున్నాడు. తీర్పు నా మీదే వచ్చింది.

ఈసారి బేరం ఆడకుండా మనిషికో పాస్‌వర్డ్ తీసుకున్నాను. నర్సుకీ ఒకటి తీసుకున్నాను. ఆమె మర్నాడే మానేసింది. కాంపౌండరు కంప్యూటర్ వైపే రాడు, "మాకెందుకండీ" అంటాడు. మధ్యాహ్నం రోగులు వెళ్ళిపోయాక ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని, ఒంటివేలితో అన్నీ నేనే ఎక్కిస్తాను. తెర మీద నా పేరు కింద నర్సు పేరు ఉంటుంది. అది ఇంతవరకూ ఎవరూ తెరవలేదు. తీయించెయ్యడానికి నాకు మనసు రాదు.