సోములు కడుపులో సీతాకోకచిలుకలు

గజపతినగరానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఓ పల్లెటూరి హైస్కూల్లో సోములు ఇరవై రెండేళ్ళుగా అటెండరు. పొడుగ్గా, బక్కపలచగా, ఎండాకాలంలోనూ చొక్కా మడత నలగకుండా తిరిగే మనిషి. ఓసారి తొమ్మిదో తరగతి గదిలోకి నాగుపాము వస్తే, చీపురుకట్టతో దాన్ని అదిలించి, పక్క దారి చూపించి, చేతులు కడుక్కుని వెళ్ళి గంట కొట్టాడు. ఇద్దరు చెల్లెళ్ళను కాపురాలకు పంపించి, తల్లికి చివరిదాకా చాకిరీ చేసి, తీరా తన సంగతి గుర్తొచ్చేసరికి నలభై ఎనిమిదేళ్ళు నిండాయి. ఇంకేం పెళ్ళిలే అనుకుని ఆ ఆలోచన అక్కడితో వదిలేశాడు.

అలాంటివాడికి ఆ ఏడు వానాకాలంలో కడుపు చెడింది.

నొప్పి కాదు, మంట కాదు. లోపల ఏదో రెపరెపలాడినట్టు ఉండేది. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండున్నరకు, వంటశాల గుమ్మంలోకి అడుగుపెట్టగానే మొదలయ్యేది. వాము నమిలాడు. జీలకర్ర కాచి తాగాడు. రాత్రిళ్ళు మజ్జిగన్నం తప్ప ఏమీ ముట్టుకోలేదు. తగ్గలేదు సరికదా, గిన్నెలు కడిగిన చప్పుడు విన్నా రావడం మొదలుపెట్టింది.

ఆ వంటశాలలో కొత్తగా చేరిన మనిషి లక్ష్మణమ్మ. నలభై దాటిన వయసు, భర్త పోయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. రెండొందల పదిమంది పిల్లలకు పప్పు వండుతూ, వరసలో ఎవడు రెండో గుడ్డు కోసం మళ్ళీ నిలబడ్డాడో తల తిప్పకుండా చెప్పగలదు. ఊరి వరసల్లో సోములు ఆమెకు బావ అవుతాడు. కాబట్టి బావా అనే పిలిచేది. ఆ పిలుపుకీ తన కడుపుకీ సంబంధం ఉంటుందని సోములుకు తట్టనే లేదు.

చివరికి ఊళ్ళో మందులిచ్చే త్రినాథ్ దగ్గరకు వెళ్ళాడు. త్రినాథ్ అతని నాలుక చూశాడు, పొట్ట మీద వేళ్ళతో కొట్టి విన్నాడు, ఎప్పుడొస్తుందని అడిగాడు. బళ్ళో భోజనం వేళకి అన్నాడు సోములు. ఆదివారం వస్తుందా అంటే రాదన్నాడు. సెలవుల్లో? సెలవుల్లోనూ రాదు. త్రినాథ్ తల పంకించి, నులిపురుగుల మాత్ర ఒకటి ఇచ్చి, ఇక బడి భోజనం మానెయ్యమన్నాడు.

అక్కడే ఉన్న ఇద్దరు రోగులు ఇంటికెళ్ళేలోపు సంగతి ఊరు దాటింది. బడి కూడు తిని అటెండరు పడిపోయాడని ఒకరు, విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారని ఇంకొకరు. సోములు ఇంటి అరుగు మీద కూర్చుని మజ్జిగన్నం తింటుండగానే ముగ్గురు పరామర్శకు వచ్చారు. మర్నాటికి పై ఆఫీసుకు ఫిర్యాదు వెళ్ళింది. గురువారం ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని హెడ్మాస్టరు గిరిబాబు నోటీసు తీశారు. వంటమనిషిని మార్చాల్సి రావచ్చని కూడా అన్నారు.

ఆ నోటీసు పుస్తకం పట్టుకుని గదిగదికీ తిరగాల్సినవాడు సోములే. వంటశాల ముందునుంచి వెళ్తుంటే లక్ష్మణమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"నా పప్పులో ఏటి పడ్డాది బావా? సూసింది సెప్పు."

సోములు చేతిలోని నోటీసు పుస్తకం వంక చూశాడు. ఆ కష్టంలోనూ కడుపులో రెపరెప మాత్రం ఆగలేదు. ఆమె చాలాసేపు చూసి, ముఖం తిప్పుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత వెళ్ళింది ఎనిమిదో తరగతికి. రోజూ విజయనగరం నుంచి బస్సులో వచ్చే సుహాసిని టీచర్ ఇంగ్లీషు చెబుతోంది. పాఠం మధ్యలో ఆపితే ఆమెకు నచ్చదు కాబట్టి సోములు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బోర్డు మీద రంగు సుద్దతో సీతాకోకచిలుక బొమ్మ ఉంది.

బటర్‌ఫ్లైస్ ఇన్ ద స్టమక్ అంటే కడుపులో సీతాకోకచిలుకలు అని ఆవిడ చెబుతోంది. మింగితేనా టీచర్ అని ఎవరో అడిగారు. మింగనక్కర్లేదంది. మనం గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయని అంటాం కదా, అలాగే ఇంగ్లీషువాళ్ళు కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయంటారు. పులి ఎదురైతే ఆ మాట వాడరు. స్టేజీ ఎక్కేముందు, ఫలితాలు వచ్చేముందు, కొత్త ఉద్యోగంలో మొదటిరోజు, అంటే కావాలని ఉండి బెదురుగా కూడా ఉన్నప్పుడు వాడతారు. అది జబ్బు కాదు, మందు లేదు. మనసుకు నచ్చిన మనిషి కనబడ్డా వస్తాయా టీచర్ అని వెనక బల్లలోంచి ఓ అమ్మాయి అడిగితే తరగతంతా నవ్వింది. వస్తాయి, అలా కూడా వాడొచ్చు, రాసుకోండి అంది టీచర్.

గుమ్మంలో నిలబడ్డ సోములు వంటశాలవైపు తిరిగి చూశాడు. పాఠం అయ్యాక ఆవిడ సంతకం పెట్టి పుస్తకం ఇచ్చినా కదల్లేదు.

"అవి నలభై ఎనిమిదేళ్ళకి కూడా వస్తాయేటండి, టీచరమ్మా?"

సుహాసిని అతని ముఖం చూసింది, వంటశాలవైపు చూసింది. ఆ మాటకు వయోపరిమితి లేదని మెల్లగా చెప్పింది.

గురువారం ఆఫీసరు వచ్చారు. పప్పు రుచి చూశారు, బియ్యం చూశారు, నీళ్ళ కుండలో తొంగి చూశారు. పంతుళ్ళందరూ వరండాలో నిలబడ్డారు. లక్ష్మణమ్మ గరిట పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. సోములును పిలిచి వాంతులా, విరేచనాలా అని అడిగారు.

"రెండూ కావు సార్. బటర్‌ఫ్లైస్."

ఆఫీసరు పెన్ను తీశారు. పప్పులో సీతాకోకచిలుకలు పడుతున్నాయని పలుకుతూ రాసుకున్నారు. లక్ష్మణమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. సోములు గబగబా అడ్డు చెప్పాడు.

"పప్పులో కాదు సార్, నా కడుపులో. పప్పు తినకముందే ఎగురుతాయి. ఈవిడ బావా అని పిలిస్తే ఎగురుతాయి. వంటలో తప్పేటీ లేదు. ఇలాంటి పప్పు మా అమ్మ కూడా వండలేదు. తప్పు నాది, తెలవక మందులాయన దగ్గరకెళ్ళినాను."

ఆఫీసరు గిరిబాబు వైపు చూశారు. గిరిబాబు ఆకాశం వైపు చూశారు. చివరకు సుహాసిని గొంతు సవరించుకుని, ఆ మాట ప్రయోగం సరైనదే సార్, అంది. ఆఫీసరు రాసింది కొట్టేసి, భోజనం సంతృప్తికరం అని కొత్తగా రాశారు. జీపు ఎక్కబోతూ వెనక్కొచ్చి ఇంకో గరిటెడు పప్పు వేయించుకున్నారు.

లక్ష్మణమ్మ పదకొండు రోజులు అతనితో మాట్లాడలేదు. అతని పళ్ళెంలో అన్నం మాత్రం తగ్గించలేదు. పన్నెండో రోజు పిల్లలంతా లేచాక ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నాకు ఏటీ ఎగరలేదు. ఉన్నమాట సెప్తన్నాను. కానీ అంతమంది ముందర నా పప్పు కోసం నీ పరువు తీసుకున్నావు. మా ఆయనైతే ఆ పని సేసేవోడు కాదు. మీ చెల్లెళ్ళని కబురంపమను, మాట్లాడుకుందాం."

కార్తీకంలో శ్రీకూర్మం గుళ్ళో దండలు మార్చుకున్నారు. చెల్లెళ్ళిద్దరూ వచ్చారు, గిరిబాబు వచ్చారు, సుహాసిని బస్సు తప్పిపోయి భోజనాల వేళకు చేరింది.

ఇప్పుడు వాళ్ళింట్లో ఒకే ఒక్క ఇబ్బంది. లక్ష్మణమ్మకు ఇద్దరికి వండటం చేతకాదు. ఎంత తగ్గించి పోసినా పదిమందికి సరిపడా తేలుతుంది. అందుకని సాయంత్రం దీపాలు పెట్టేవేళ సోములు గిన్నెలో పప్పు పోసుకుని, వీధిలో ఇంటింటి తలుపూ తడుతుంటాడు.